షాపులో వెతికితే మొదట, కాజీపేటలో మాయం

ప్రశ్న: మాది హన్మకొండలో ములుగు రోడ్డు మీద మోటార్ వైండింగ్ షాపు. నాన్న, తమ్ముడు, నేను కలిసి చేస్తం. షాపులో కూర్చొని గూగుల్‌లో వెతికితే మా పేరే మొదట వస్తది. కాజీపేటల ఉండే మా బావ వెతికితే ఎంత కిందికి జరిపినా కనపడదు. నెలనెలా పైసలు కడితే ఊరంతటా ఫస్టు ప్లేసు గ్యారంటీ అని ఒకాయన తిరుగుతున్నడు. కట్టమంటరా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: కట్టకండి. డబ్బు తీసుకొని గూగుల్ మ్యాప్‌లో షాపుల పేర్లు వచ్చే వరుసలో ఎవరినీ పైకి జరపబోమని గూగులే చెబుతోంది. డబ్బుకు దొరికేది ప్రకటన ఒక్కటే. దాని మీద ‘స్పాన్సర్డ్’ అని ఉంటుంది, కట్టడం ఆపగానే పోతుంది.

ఆ వరుసను తేల్చేవి మూడు: వెతికిన మాటకు మీ పని ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి మీరెంత దూరం, మీ పేరు ఎంతమందికి తెలుసు. షాపులో కూర్చొని వెతికితే దూరమే లేదు కాబట్టి అది పరీక్ష కాదు, మీ బావ ఫోనులో కనిపించిందే లెక్క. గూగుల్ మ్యాప్‌లో మీ షాపు వివరాలు ఉండే పేజీని ప్రొఫైల్ అంటారు. అందులోని ‘సర్వీస్ ఏరియా’లో, అంటే మీరు వెళ్లి పని చేసే చోట్ల జాబితాలో, 20 ప్రాంతాల దాకా చేర్చుకోవచ్చు. కాజీపేట, హసన్‌పర్తి, పరకాల అని రాసినంత మాత్రాన అక్కడ పైకి రారు. దూరం మీ చేతిలో లేదు, మిగతా రెండూ ఉన్నాయి.

ముందు ప్రొఫైల్లో మీది ఏ రకం పనో చెప్పే కేటగిరీ చూడండి. దాన్ని జాబితా నుంచే ఎంచుకోవాలి, సొంతంగా రాయలేం. ప్రధాన కేటగిరీ ‘ఎలక్ట్రీషియన్’ అని పెట్టి ఉంటే ఇంటి వైరింగ్ చేసేవాళ్ల గుంపులో కలిసిపోతారు. మోటార్ల రిపేరుకు దగ్గరగా ఉన్నది ప్రధానంగా పెట్టండి. అదనంగా 9 పెట్టుకోవచ్చు గానీ, చేయని పని ఒక్కటీ వద్దు. ‘సేవలు’ విభాగంలో సబ్‌మెర్సిబుల్ రీవైండింగ్, మోనోబ్లాక్ బేరింగ్ మార్చడం, స్టార్టర్ రిపేరు అని విడివిడిగా, ఎన్ని హెచ్‌పీల వరకు చేస్తారో కూడా రాయండి.

పేరు మాత్రం బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. వెనుక ‘బెస్ట్ మోటార్ రిపేర్ హన్మకొండ కాజీపేట’ అని తోక తగిలించేవాళ్లు చాలామంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే గూగుల్ ప్రొఫైల్ నిలిపేయవచ్చు. యాసంగి వరికి నీళ్లు పారించే రోజుల్లో, మోటార్లు ఎక్కువగా కాలే సమయంలోనే అది జరిగితే సీజన్ పోయినట్టే.

రివ్యూ అడగాల్సింది మోటారు అప్పగించినప్పుడు కాదు, బోరులో దించిన మోటారు రెండు రోజులు నడిచాక. ప్రొఫైల్లో దొరికే రివ్యూ లింకును వాట్సాప్‌లో పంపి, ఏం పని చేయించుకున్నారో రాయమనండి. బిల్లులో తగ్గింపు ఆశ చూపడం నిబంధనలకు విరుద్ధం. ఇంట్లోవాళ్లతో రాయించకండి, మీ బావతో కూడా.

దసరాకు, మేడారం జాతర రోజుల్లో షాపు మూస్తే ప్రత్యేక వేళలు పెట్టండి. తెరిచి ఉందని చూసి పరకాల నుంచి మోటారు ట్రాలీలో వేసుకొచ్చిన రైతు, దించిన షట్టర్ చూస్తే ఒక్క స్టార్ ఇచ్చి పోతాడు.

ప్రశ్న: ప్లంబింగ్ షాపును మట్టెవాడ నుంచి నక్కలగుట్టకు మార్చినం. పాత ప్రొఫైల్ పెట్టిన పిలగాడు పని మానేసిండు, జీమెయిల్ అతనిదే. కొత్తది పెట్టుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వద్దమ్మా, పాత రివ్యూలన్నీ పోతాయి. మ్యాప్‌లో మీ షాపు తెరిచి, దాని యాజమాన్యం కోరే బటన్ నొక్కి అభ్యర్థన పంపండి. అతను 3 రోజుల్లో బదులివ్వకపోతే మీరే ధ్రువీకరించుకునే వీలు రావచ్చు. చేతికి వచ్చాక అదే ప్రొఫైల్లో చిరునామా మార్చి, పిన్ను షట్టర్ ముందుకు జరపండి. షాపు మీదేనని ధ్రువీకరించడానికి గూగుల్ వీడియో అడిగితే మధ్యలో ఆపకుండా కనీసం 30 సెకన్లు తీయాలి: వీధి, బోర్డు, షట్టర్ తాళం తీయడం, లోపల పైపులు, పనిముట్లు. మనుషుల ముఖాలు, బ్యాంకు కాగితాలు పడనివ్వకండి. 2021లో జిల్లా పేరు మారింది కదా, మీ కాగితాల్లో ఇంకా ‘వరంగల్ అర్బన్’ ఉంటే ముందు అది సరిచేయించుకోండి. బోర్డు మీద, బిల్లు బుక్కులో, ప్రొఫైల్లో పేరు, ఫోను నంబరు ఒకటే ఉండాలి.