సముద్రస్నానాలు కట్టించిన నగరం: సాన్ సెబాస్టియన్

ప్రశ్న: స్పెయిన్ ఉత్తర తీరంలోని సాన్ సెబాస్టియన్‌కు బిల్బావో నుంచి ఒక్క పూటలో వెళ్లి రావచ్చని ప్రయాణ ఏర్పాట్లు చూసేవారు అంటున్నారు. మేమిద్దరమూ అరవై దాటినవాళ్లం. చరిత్ర మీద ఆసక్తి ఉంది. ఒక్క పూట సరిపోతుందా? ఏ నెలలో వెళ్లడం మంచిది?

జవాబు: బిల్బావో నుంచి దూరం సుమారు 100 కిలోమీటర్లు, బస్సులో గంటా పావు పడుతుంది. కాబట్టి వెళ్లి రావడం కష్టమేమీ కాదు. అయితే అలా వెళ్లినవారు లా కోంచా సముద్రతీరాన్ని చూసి, భోంచేసి తిరుగుముఖం పడతారు. చరిత్ర కోసం వెళ్లే మీరు కనీసం రెండు రాత్రులు ఉండాలని నా సలహా.

పాత పట్టణం అని పిలిచే భాగంలో నిజంగా పాత ఇళ్లు చాలా తక్కువ. నెపోలియన్ సేనల నుంచి ఊరిని విడిపించడానికి వచ్చిన బ్రిటిష్, పోర్చుగీసు సైనికులే 1813 ఆగస్టు 31న దానిని దోచుకుని తగులబెట్టారు. ఆ మంటలకు చిక్కకుండా మిగిలిన కొద్దిపాటి ఇళ్లున్న వీధికి ఇప్పుడు ఆ తేదీయే పేరు. ఆ వీధి ఒక కొసన ఉన్న సాన్ విసెంతే చర్చి 16వ శతాబ్దపు కట్టడం. దానికి దగ్గరలోనే ఒకప్పటి క్రైస్తవ మఠంలో నెలకొన్న సాన్ తెల్మో మ్యూజియం ఉంది. అక్కడి నుంచి కాన్‌స్టిట్యూషన్ చౌకుకు నడిచి వెళితే, చుట్టూ ఉన్న బాల్కనీలన్నిటి మీదా అంకెలు కనిపిస్తాయి. ఆ చౌకులో ఎద్దుల పోటీలు జరిగిన కాలంలో అవి ప్రేక్షకుల స్థానాలు. ఇళ్ల యజమానులకు సైతం ఆ రోజు తమ సొంత బాల్కనీ మీద హక్కు ఉండేది కాదంటారు.

విహారకేంద్రంగా ఊరి కథ ఆ తరువాత మొదలైంది. చర్మవ్యాధికి సముద్రస్నానం మేలని వైద్యులు చెప్పగా, రాణి రెండవ ఇసబెల్ 1845లో ఇక్కడికి వచ్చింది. రాణి వెంట రాజధానిలోని సంపన్నులూ రావడం మొదలుపెట్టారు. 1863లో కోట గోడలను పడగొట్టడం ప్రారంభించారు, ఆ మరుసటి ఏడాదే మాడ్రిడ్ నుంచి ఫ్రాన్స్ సరిహద్దు వరకు రైలుమార్గం పూర్తయింది. రాజప్రతినిధిగా ఉన్న మారియా క్రిస్టినా రాణి 1887 నుంచి ప్రతి వేసవీ ఇక్కడే గడపడంతో, ఆ నెలల్లో రాజ్యపాలన కూడా కొంతవరకు ఈ తీరం నుంచే సాగింది. 1893లో పూర్తయిన మిరామార్ భవనం ఆమె వేసవి విడిది. దాని తోటలోకి ప్రవేశం ఉచితం, అఖాతం మొత్తం కనిపించే చోటు అది. కాసినోగా 1887లో తెరిచిన భవనంలో ఇప్పుడు నగరసభ పనిచేస్తోంది: 1924లో జూదాన్ని నిషేధించడంతో దానికి మొదటి వృత్తి పోయింది.

రెండో రోజు సాయంత్రం తీరం వెంట పడమరకు నడిచి, ఎదువార్దో చిల్లిదా ఉక్కు శిల్పాలను చూడండి. 1970లలో రాళ్లకు బిగించిన ఆ మూడు శిల్పాల దగ్గర, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు, నేలలోని రంధ్రాల గుండా నీరు పైకి చిమ్ముతుంది. దగ్గరలోనే 1912 నాటి ఫ్యునిక్యులర్ రైలు ఇగెల్దో కొండ ఎక్కిస్తుంది కనుక మోకాళ్లకు శ్రమ ఉండదు. ఉర్గుల్ కొండకు మాత్రం నడిచే ఎక్కాలి. ఎత్తు 123 మీటర్లే అయినా దారి మలుపులు తిరుగుతూ సాగుతుంది.

ఆగస్టులో జనం, గదుల అద్దె రెండూ విపరీతం. సెప్టెంబరు మొదటి రెండు వారాలు నాకు మేలనిపిస్తాయి, ఎందుకంటే వేసవంతా వేడెక్కిన సముద్రం అప్పుడింకా చల్లబడదు. ఆ నెల రెండో సగంలో 1953లో మొదలైన చలనచిత్రోత్సవం జరుగుతుంది; సినిమాల కోసం కాకపోతే ఆ రోజులను తప్పించండి. ఏ నెలలో వెళ్లినా గొడుగు తీసుకెళ్లండి. సూర్యుడికి పేరుపడ్డ దక్షిణ స్పెయిన్ వేరు, పచ్చగా తడిసిన ఈ ఉత్తర తీరం వేరు.

ప్రశ్న: అక్కడి పిన్చోలు ప్రసిద్ధమని విన్నాం. శాకాహారులకు ఏమైనా దొరుకుతుందా?

జవాబు: బార్ బల్లల మీద పేర్చి ఉంచే ఈ చిరుతిళ్లలో చేపలూ, పందిమాంసమూ ఎక్కువ. అన్నిటికంటే పేరుపొందిన హిల్దాలో ఆలివ్, పచ్చి మిరపకాయలతో పాటు ఆంకోవీ అనే ఉప్పు చేప ఉంటుంది. వేయించిన పచ్చి మిరపకాయలు, పుట్టగొడుగులు, ఇదియాసబాల్ గొర్రెపాల జున్ను మీకు పనికొస్తాయి. గుడ్డు తినేవారైతే తోర్తీయా అనే బంగాళాదుంపల ఆమ్లెట్ కూడా. ఒక హెచ్చరిక: ‘వెహెతాల్’ అని రాసిన సాండ్‌విచ్‌లో తరచు ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి. చేప, మాంసం లేవు కదా అని ప్రతిసారీ అడగండి.

ప్రశ్న: ఈత రానివారు కోంచాలో నీటిలోకి దిగవచ్చా?

జవాబు: దిగవచ్చు. సాంతా క్లారా ద్వీపం, రెండు కొండలు అడ్డు ఉండటం వల్ల అలలు బలం తగ్గి వస్తాయి. అలలపై ఆడేవారు తూర్పున ఉన్న సురియోలా తీరానికి వెళతారు. ఆకుపచ్చ జెండా ఉంటేనే దిగండి, ఎర్ర జెండా ఉన్నప్పుడు స్నానం నిషేధం. పోటు సమయంలో ఇసుక మేట చాలా సన్నబడుతుంది కాబట్టి, దిగేముందు ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూసుకుని, చెప్పులూ సంచులూ గట్టు దగ్గర పెట్టుకోండి.