చూపించే ముందు దాఖలు చేయండి

ప్రశ్న: మాది దుగ్గిరాల దగ్గర ఒక గ్రామం. ఇరవై ఏళ్లుగా లేత్, వెల్డింగ్ పని చేసుకుంటున్నాను. పసుపు తవ్వేటప్పుడు కొమ్ములు విరగకుండా, మట్టి అక్కడికక్కడే రాలిపోయేలా చిన్న ట్రాక్టరు వెనుక తగిలించే పరికరం ఒకటి తయారు చేశాను. రెండు సీజన్లు మా బావమరిది పొలంలో నడిపి చూశాము. వచ్చే నెల రైతు మేళాలో పెట్టమని వ్యవసాయాధికారి అడుగుతున్నారు. ఒక యంత్రాల కంపెనీ ప్రతినిధి ముందు వీడియో పంపమంటున్నారు. డ్రాయింగులన్నీ కవరులో పెట్టి, నా పేరునే రిజిస్టర్డ్ పోస్టు చేసుకుని, విప్పకుండా దాచుకుంటే హక్కు నాదే అవుతుందని ఒకరు చెప్పారు. నిజమేనా? పేటెంట్‌కు ఎంత ఖర్చవుతుంది? ఎక్కడికి వెళ్ళాలి?

జవాబు: ముందుగా ఆ కవరు సంగతి తేల్చుకుందాము. దానివల్ల మీకు దక్కేది తపాలా ముద్ర ఒక్కటే. ఫలానా తేదీకి ఆ డ్రాయింగు మీ దగ్గర ఉన్నదని చెప్పుకోవడానికి అది కొంత పనికి రావచ్చునేమో గాని, మరొకరు అదే యంత్రాన్ని తయారు చేసి అమ్ముతుంటే ఆపే అధికారం దానివల్ల రాదు. మన దేశంలో పేటెంట్ విషయంలో ముందుగా ఆలోచించినవారికి కాక, ముందుగా పేటెంట్ కార్యాలయంలో దరఖాస్తు దాఖలు చేసినవారికే ప్రాధాన్యం దక్కుతుంది. ఈ కవరు సలహా ఎన్ని తరాలుగా తిరుగుతున్నదో తెలియదు గాని, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఏదో ఒక రూపంలో తరచుగా కనిపిస్తూనే ఉంటుంది.

మేళా, వీడియో విషయాలు అంతకంటే ముఖ్యమైనవి. 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం ఆవిష్కరణ కొత్తదై ఉండాలి. దరఖాస్తు తేదీకి ముందు అది ప్రపంచంలో ఎక్కడైనా అచ్చయినా, మన దేశంలో బహిరంగంగా వాడుకలోకి వచ్చినా కొత్తదనం పోతుంది. ఆ బయటపెట్టినది మీరే అయినా ఫలితం మారదు. ప్రదర్శనలకు చట్టంలో పన్నెండు నెలల మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకే వర్తిస్తుంది గనుక, మండల స్థాయి రైతు మేళాను నమ్ముకుని ఆ మినహాయింపు మీద ఆధారపడకండి. కాబట్టి మేళాకు ఒక్క వారం ముందైనా సరే, దరఖాస్తు వేసిన తర్వాతే పరికరాన్ని బయటకు తీయండి. వీడియో కూడా అంతే.

బావమరిదిగారి పొలంలో జరిగిన ప్రయోగాల గురించి మీరు అడగలేదు గాని, నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది అదే. వ్యవసాయ యంత్రాన్ని నాలుగు గోడల మధ్య పరీక్షించడం కుదరదు. ఆ సంగతి చట్టానికీ తెలుసు. అందుకే 32వ సెక్షన్, సమంజసమైన పరీక్ష కోసమే బహిరంగంగా నడపవలసి వచ్చినప్పుడు, దరఖాస్తుకు ముందు ఒక సంవత్సరం లోపు జరిగిన ప్రయోగాన్ని తప్పుగా లెక్కించదు. మీరు నడిపినవి రెండు సీజన్లు గనుక మొదటిది ఆ గడువు దాటిపోయి ఉండవచ్చు. ఆ రోజు చుట్టుపక్కల రైతులు వచ్చి చూశారా, ఎవరైనా ఫోనులో చిత్రీకరించారా, అప్పటి పరికరంలోనూ ఇప్పుడున్న అమరికే ఉన్నదా అనే మూడు విషయాలను గుర్తు చేసుకుని కాగితం మీద రాసిపెట్టుకోండి. మొదటి సీజన్ తర్వాత జల్లెడ కోణమో, బ్లేడు బిగించే తీరో మార్చి ఉంటే, ఆ మార్పే మీ దరఖాస్తుకు ఆయువుపట్టు కావచ్చు. ఈ విషయాన్ని మీ దరఖాస్తు రాసిపెట్టే పేటెంట్ ఏజెంటు దగ్గర దాచకండి. ఇప్పుడు దాచినది రేపు ప్రత్యర్థి వకీలు బయటపెడతాడు.

ఇక మీ పరికరం పేటెంటుకు తగినదేనా అన్న ప్రశ్న. పసుపు, అల్లం, వేరుశనగ తవ్వే యంత్రాలు ఇప్పటికే ఎన్నో ఉన్నాయి. వాటి సరసన నిలబెట్టి చూసినప్పుడు మీది ఎక్కడ వేరు అవుతున్నదో రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. ఇక్కడ 1978లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు మీలాంటి వర్క్‌షాపు యజమానులు తప్పక తెలుసుకోవలసినది. మీర్జాపూర్‌లో ఇత్తడి పాత్రలు చేసే ఒక సంస్థ, పాత్రను నునుపు చేయడానికి లేత్ మీద పట్టి ఉంచే ఏర్పాటుకు 1951 తేదీ నుంచి వర్తించే పేటెంట్ తీసుకుని, పోటీ సంస్థ మీద దావా వేసింది. వ్యవహారం చివరకు సుప్రీంకోర్టుకు చేరింది. ఆ ఏర్పాటు అప్పటికే తెలిసిన పద్ధతికి చేసిన చిన్న సవరణ మాత్రమేననీ, పనిలో ఆరితేరిన కార్మికుడికి సహజంగా తట్టే వర్క్‌షాపు మెరుగుదలను ఆవిష్కరణ అనలేమనీ చెప్పి, కోర్టు ఆ పేటెంటును నిలబెట్టలేదు. తెలిసిన భాగాలను పక్కపక్కన అమర్చి, ఏ భాగం పని అది చేసుకుపోతుంటే చాలదు. అవి కలిసినందువల్ల ఎవరూ ఊహించని ప్రయోజనం రావాలి. మీ విషయంలో బ్లేడు కదలికకూ జల్లెడ ఊపుకూ మధ్య ఏదైనా సంబంధం ఉండి, దానివల్లనే కొమ్ము విరగడం తగ్గుతుంటే, చెప్పవలసినది ఆ సంబంధాన్నే. ఎకరాకు ఎన్ని కిలోల కొమ్ము విరిగింది, చేత్తో తవ్వినప్పుడు ఎంత, పరికరంతో ఎంత అన్న లెక్కలు మీ దగ్గర ఉంటే అవి ఎంత పొగడ్తకన్నా విలువైనవి. మరొక మాట: వ్యవసాయ పద్ధతులకు మన చట్టం పేటెంట్ ఇవ్వదు గనుక, "పసుపు తవ్వే విధానం" అని కాక "పరికరం" అనే దరఖాస్తు రాయించాలి.

ముందే ఉన్న పేటెంట్లను వెతకడానికి రూపాయి ఖర్చు లేదు. భారత పేటెంట్ కార్యాలయపు వెబ్‌సైటులోనూ, గూగుల్ పేటెంట్స్‌లోనూ ఎవరైనా వెతకవచ్చు. ఇంగ్లీషు ఇబ్బంది అనిపిస్తే ఇంజనీరింగు చదివే పిల్లల చేత వెతికించండి. వారికి కూడా సంగతి మొత్తం చెప్పనక్కర లేదు. చైనా భాషలో ఉన్న పేటెంట్ల బొమ్మలను కూడా చూడమనండి, దుంపలు తవ్వే యంత్రాలు అక్కడ చాలా వచ్చాయి.

అంతా పరిపూర్ణమయ్యే దాకా ఆగవలసిన పని లేకుండా ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు అనే ఏర్పాటు ఉన్నది. పరికరం ఏమిటో, ఎలా పని చేస్తుందో డ్రాయింగులతో వివరించి దాఖలు చేస్తే ఆ తేదీ మీదవుతుంది. పన్నెండు నెలల లోపు పూర్తి స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ సమగ్ర వివరణ పత్రం, ఇవ్వాలి, ఇవ్వకపోతే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. అయితే ప్రొవిజనల్‌లో రాయని విషయానికి ఆ తేదీ వర్తించదు. రెండు పేజీలు గీకి పడేస్తే సరిపోతుందని చెప్పేవారి మాట వినకండి. బ్లేడుకు ప్రత్యామ్నాయంగా ఏమి వాడవచ్చు, ట్రాక్టరుకు బదులు పవర్ టిల్లరుకు తగిలిస్తే ఏమి మారుతుంది అన్నవి కూడా అప్పుడే రాయించండి. పూర్తి స్పెసిఫికేషన్‌లో చివర, మీ హక్కు ఎంతవరకో చెప్పే క్లెయిములే మీ పొలానికి గట్లు వంటివి. గట్టు లోపలకు జరిపి వేసుకుంటే పక్కవాడు మిగిలిన జాగాలో సాగు చేసుకుంటాడు, మరీ బయటకు వేస్తే పేటెంట్ కార్యాలయపు పరీక్షకుడు ఒప్పుకోడు. ఖర్చు పెట్టదలచుకుంటే ఈ క్లెయిములు రాసే రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంటు మీద పెట్టండి.

వ్యక్తులు ఆన్‌లైనులో దాఖలు చేస్తే ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు, ముప్పై పేజీలు, పది క్లెయిములు దాటితే అదనం. పేటెంట్ కార్యాలయం దరఖాస్తును పరీక్షించాలని కోరడానికి మరో 4,000. ఈ పరీక్షను మనమే కోరాలి, 2024 మార్చిలో మారిన నియమాల ప్రకారం 31 నెలల లోపు కోరకపోతే దరఖాస్తు పోయినట్టే. ఏజెంటు రుసుము వేరు, అది ప్రభుత్వ రుసుముకు ఎన్నో రెట్లు ఉంటుంది గనుక ముందే రాతపూర్వకంగా అడగండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల దరఖాస్తులు చెన్నై కార్యాలయం కిందికి వస్తాయి, మీరు అక్కడికి వెళ్ళనక్కర లేదు. పేటెంట్ మంజూరైతే దాఖలు తేదీ నుంచి ఇరవై ఏళ్లు ఉంటుంది, మూడో సంవత్సరం నుంచి ఏటా కొనసాగింపు రుసుము కట్టుకోవాలి. దరఖాస్తు పెండింగులో ఉండగా యంత్రం మీద "పేటెంట్ పొందినది" అని రాయించకండి, దానికి జరిమానా ఉన్నది. "పేటెంటుకు దరఖాస్తు చేసినది" అని రాసుకోవచ్చు.

దరఖాస్తు సంఖ్య చేతికి వచ్చాక కంపెనీ ప్రతినిధితో మాట్లాడండి. గోప్యతా ఒప్పందం మీద సంతకం చేయమని అడగడం మీ హక్కు, చేయము అనడం వారి హక్కు. చేయని పక్షంలో యంత్రం పనితీరును మాత్రమే చూపి, లోపలి అమరికను దాచి ఉంచండి. వారు మొత్తం హక్కును ఒకేసారి కొంటామంటే తొందరపడకండి. ఒక్కొక్క యంత్రానికి ఇంత అనే రాయల్టీ, ఏడాదికి కనీస మొత్తం, నిర్ణీత కాలంలో తయారీ మొదలుపెట్టకపోతే హక్కు తిరిగి మీకే వచ్చే షరతు, ఈ మూడూ లేని ఒప్పందం మీద సంతకం చేయవద్దని నా సలహా. కొని మూలన పడేసే కంపెనీలు కూడా ఉంటాయి.

పరికరాన్ని మెరుగుపరచుకోవడానికి దారులు ఉన్నాయి. గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ మీలాంటి గ్రామీణ ఆవిష్కర్తలకు పేటెంట్ దాఖలులో కూడా సాయపడుతుంది. హైదరాబాదులోని పల్లె సృజన సంస్థ అటువంటివారిని వెతికి పట్టుకుని ముందుకు తెస్తున్నది. అక్కడే ఉన్న టీ-వర్క్స్‌లో నమూనాలు చేసుకోవడానికి యంత్రాలున్నాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. మీ పరికరం సబ్సిడీ జాబితాలోకి ఎక్కాలంటే ఇటువంటి చోట పరీక్షా నివేదిక అవసరమవుతుంది, రైతు కొనేది ఎక్కువగా ఆ జాబితా చూసే గనుక ఇది పేటెంటుకు తక్కువ విషయమేమీ కాదు. చీరకు ఆసు పోసే, అంటే నేతకు ముందు దారాన్ని చేత్తో కొయ్యల చుట్టూ తిప్పే, తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం యంత్రాన్ని భాగం తర్వాత భాగంగా ఏళ్ల తరబడి సరిచేసుకుంటూ వచ్చారు, 2017లో పద్మశ్రీ వచ్చింది ఆ పనికే. మీ రెండు సీజన్లు ఎక్కువ కాలమేమీ కాదు.

ప్రశ్న: వరంగల్‌లో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. బోరులో నీరు తగ్గగానే మోటారును ఆపి, రైతు ఫోనుకు సమాచారం పంపే పరికరాన్ని, దానితో పాటు ఒక యాప్‌ను నలుగురం కలిసి చేశాము. గైడుగారు తమ పేరు ఆవిష్కర్తగా మొదట ఉండాలంటున్నారు, కళాశాల తన పేరున దరఖాస్తు వేస్తామంటున్నది. కళాశాల ఉత్సవంలో ఇప్పటికే ప్రదర్శించాము. ఇప్పుడు ఏమి చేయాలి?

జవాబు: ఆవిష్కర్త వేరు, దరఖాస్తుదారు వేరు. క్లెయిముల్లో చెప్పిన ఆలోచనకు బుద్ధి పెట్టినవారే ఆవిష్కర్తలు. పదవి వల్ల, ప్రయోగశాల తాళం ఇచ్చినందువల్ల ఎవరూ ఆవిష్కర్త కారు. గైడుగారు నిజంగా ఒక కీలకమైన సూచన చేసి ఉంటే వారి పేరు ఉండవలసిందే, పేర్లు ఏ వరుసలో ఉన్నా చట్టపరంగా తేడా లేదు గనుక ఆ విషయంలో పంతానికి పోకండి. హక్కు ఎవరిదన్నది మీరు సంతకం చేసిన కాగితాలను బట్టి ఉంటుంది. చేరేటప్పుడు ఇచ్చిన హామీ పత్రాన్ని, కళాశాల మేధోహక్కుల విధానాన్ని తెప్పించుకుని చదవండి. కళాశాల దరఖాస్తుదారు కావాలంటే మీ నలుగురి నుంచి రాతపూర్వకమైన బదలాయింపు అవసరం. ఆ కాగితంలోనే ఆదాయంలో మీ వాటా ఎంతో రాయించుకోండి. విద్యాసంస్థలకు కూడా 2021 నుంచి తక్కువ రుసుమే గనుక "ఖర్చు మాది" అన్న మాటకు మరీ పెద్ద బరువు ఇవ్వనక్కర లేదు.

నీళ్లు లేకుండా మోటారు తిరగకుండా ఆపే పరికరాలు బజారులో ఉన్నాయి. యాప్‌ను కేవలం కంప్యూటరు ప్రోగ్రాముగా చూపితే చట్టం అంగీకరించదు. కరెంటు మార్పులోంచి నీటిమట్టాన్ని మీరు పసిగట్టే తీరు ఏదైనా కొత్తదైతే దానిమీదే దృష్టి పెట్టండి. ఉత్సవంలో పెట్టె మూసి ఉంచి పనితీరు మాత్రమే చూపారా, లేక సర్క్యూట్ బొమ్మను పోస్టరు మీద వేశారా అన్నదాన్ని బట్టి నష్టం ఉంటుంది. మొదటిదైతే ఆశ ఉన్నది. పరిశోధన పత్రాన్ని జర్నలుకు పంపే ఆలోచన ఉంటే దాఖలయ్యే దాకా ఆపండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. కరీంనగర్‌లో ఉన్న మా తమ్ముడు ఒక వైద్య పరికరం రూపొందించాడు. ముందు అమెరికాలో నా ద్వారా దరఖాస్తు వేస్తే మేలు కదా?

జవాబు: వద్దు. భారతదేశంలో నివసిస్తున్నవారు ఇక్కడి అనుమతి లేకుండా తమ ఆవిష్కరణకు విదేశంలో దరఖాస్తు వేయకూడదని పేటెంట్ల చట్టం 39వ సెక్షన్ చెబుతున్నది. అతిక్రమిస్తే ఇక్కడి పేటెంట్ పోవడమే కాక శిక్ష కూడా ఉన్నది. దారులు రెండు. ముందు ఇక్కడ దాఖలు చేసి, ఆరు వారాలు గడిచాక, రహస్యంగా ఉంచాలన్న ఆదేశం ఏదీ రాకపోతే అమెరికాలో వేయవచ్చు. లేదా ఫారం 25 ద్వారా అనుమతి కోరవచ్చు, సాధారణంగా 21 రోజుల్లో జవాబు వస్తుంది. ప్రపంచమంతటికీ చెల్లే పేటెంట్ అనేది లేదు. ఇక్కడి తేదీని నిలుపుకుంటూ పన్నెండు నెలల లోపు ఇతర దేశాలకు వెళ్ళే వెసులుబాటు మాత్రం ఉన్నది. ఇందులో మీ బుర్ర కూడా పని చేసి, ఆ భాగం అమెరికాలోనే జరిగి ఉంటే అక్కడి విదేశీ దాఖలు అనుమతి కూడా తీసుకోవలసి వస్తుంది. కాబట్టి ఎవరు ఏ భాగం ఆలోచించారో, ఎప్పుడు ఆలోచించారో మీరిద్దరూ ముందు విడివిడిగా రాసుకుని, ఆ తర్వాతే ఏజెంటును కలవండి.