పీఎఫ్ జోలికి వెళ్లకు చిట్టీ

చిట్టికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని రాత్రి అక్క ఫోన్ చేసింది. "అక్కడ కొత్తగా నేర్చుకునేదేమీ లేదంటోందిరా" అని ఒకటే టెన్షన్. నాకు మాత్రం ముచ్చటేసింది. మా రోజుల్లో జీతం చాలక మానేసేవాళ్లం, పైవాడితో పడక మానేసేవాళ్లం. నేర్చుకోవడానికి లేదని మానేసినవాణ్ని నేను చూడలేదు. ముచ్చటేసిందే గానీ, నిద్ర మాత్రం పట్టలేదు.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా పెట్టు. నోటీసు మూడు నెలలూ పనిచేసి, రిలీవింగ్ లెటర్ తీసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా సంగతి విను. 1996లో బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద చేరాను. 2001లో మీ తాతయ్య తద్దినానికి ఒక్కరోజు సెలవడిగితే, "తద్దినాలకి మిషన్లు ఆగవు" అన్నాడు సూపర్‌వైజరు. ఆ సాయంత్రమే కాగితం రాసిచ్చి బయటికొచ్చేశాను. అప్పటికి సర్వీసు నాలుగేళ్ల ఏడు నెలలు. ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ డబ్బుకి ఐదేళ్లు నిండాలి. మూడు నెలలకి ఆ సూపర్‌వైజరే వేరే ఊరు వెళ్లిపోయాడట. ఇంక నేను అలిగింది ఎవరి మీద?

ఖాళీగా ఉన్నాను కదా, పీఎఫ్ తీసేశాను. క్లర్కు వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. ఫారం 19 పీఎఫ్ డబ్బుకి, 10సి పెన్షన్ వాటాకి. ఆ 10సి మీదే డబ్బు బదులు స్కీం సర్టిఫికెట్ అడిగుంటే, ఆ సర్వీసు నా పేరునే ఉండేది. నేనెవర్నీ అడగలేదు. కలర్ టీవీ కొన్నాను, మీ అత్తకి గాజులు చేయించాను. టీవీ పాడైంది, గాజులు తాకట్టులో పోయాయి.

తర్వాత పదమూడేళ్లు చిన్న షాపుల్లో పని, పీఎఫ్ ఊసే లేదు. 2014లో మళ్లీ కంపెనీ. 2023లో 58 నిండేసరికి లెక్క తేలింది తొమ్మిదేళ్ల రెండు నెలలు. నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్లు కావాలి. పాతది కలిసుంటే పదమూడు దాటేది. మీ అత్త ఈ మాట ఇప్పటిదాకా ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

నీకు ఆ తిప్పలు లేవు. ఎన్ని కంపెనీలు మారినా మారని పీఎఫ్ నంబరు ఉందిగా, యూఏఎన్, కొత్త కంపెనీకి ఆ పాతదే ఇచ్చి ట్రాన్స్‌ఫర్ పెట్టు. విత్‌డ్రా అన్న చోట వేలు పెట్టావంటే ఊరుకోను.

మానెయ్ తల్లీ. ఎవరో ఏదో అన్న రోజున మాత్రం వద్దు. ఓడిపోతుంటే క్యారమ్ బోర్డు తోసేసి లేచిపోయిన పిల్లవి, నా కోపమే వచ్చింది నీకు.

ఆదివారం వచ్చేటప్పుడు నీ పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు తీసి తీసుకురా. కళ్లజోడు మార్పించాను, చదవగలను.

మామయ్య