చేనులో దొరికిన రాగి పాత్ర: వాటాను తేల్చేది పాసుపుస్తకం కాదు, నోటీసు

ప్రశ్న: మాది జనగామ జిల్లాలోని ఒక గ్రామం. మే నెలాఖరున పత్తి చేను దున్నిస్తుండగా రోటవేటర్‌కు తగిలి ఒక రాగి పాత్ర బయటపడింది. జానెడు ఎత్తు, మూడు కాళ్లు, మెడ చుట్టూ అక్షరాల్లాంటి గీతలు, సీసం పోసి మూసిన మూత ఉన్నాయి. ఊపితే లోపల ఏదో గలగలమంటుంది. తూకం 3 కిలోల 200 గ్రాములు. ఒక పక్క చింతపండుతో తోమాను, కాలి నుంచి చిన్న ముక్క కోసి కంసాలికి చూపిస్తే రాగి అన్నాడు. నోటిమాట పంపకంలో ఆ చేను నాకు వచ్చింది కాని పాసుపుస్తకం మా అన్న పేరున ఉంది. భూమి నాది కాబట్టి పాత్ర కూడా నాదే అంటున్నాడు. నాకు అప్పులున్నాయి, బిడ్డ పెళ్లి ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పార్టీ ఇది రైస్ పుల్లర్ (బియ్యాన్ని తనవైపు లాగే మహిమ గల పాత్ర) అని, 40 లక్షలు ఇస్తామని, ముందు పరీక్ష ఖర్చు 60 వేలు కట్టమని అంటున్నారు. ఇంతకూ ఇది ఏ వస్తువు? ఎవరికి చెందుతుంది? ఏడాదిపాటు బయటపెట్టకపోతే కేసు ఉండదంటున్నారు, నిజమేనా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు అన్నగారు చేసిన అన్యాయానికే సరిపోయాయి. కేసును తేల్చే విషయం మాత్రం నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు: పాత్ర దొరికిన సంగతిని మీరు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేశారా? తెలియజేయలేదనే అనుకుని ఈ జవాబు రాస్తున్నాను.

ఇలాంటి సందర్భాల్లో పోలీసులు, రెవెన్యూ అధికారులు వర్తింపజేసేది 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం. భూమిలో దాగి ఉండి బయటపడిన, విలువ గల ఏ వస్తువైనా దాని ప్రకారం నిక్షేపమే. అది బంగారమే కానక్కరలేదు. విలువ పది రూపాయలు దాటితే చాలు, దొరికిన వ్యక్తి వీలైనంత త్వరగా కలెక్టరుకు నోటీసు ఇచ్చి, వస్తువు ఏమిటో, సుమారు విలువ ఎంతో, ఎక్కడ, ఏ తేదీన దొరికిందో రాసి, దాన్ని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు హాజరుపరుస్తానని హామీ ఇవ్వాలి. ఇది 4వ సెక్షన్. అలా చేయకపోయినా, అది ఏ వస్తువో గుర్తుపట్టకుండా ఉండేలా దాని రూపం మార్చినా, 20వ సెక్షన్ కింద దొరికినవారి వాటా ప్రభుత్వపరం అవుతుంది. నేరం రుజువైతే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఇప్పుడు అన్నగారి సంగతి. యజమాని ఎవరో తేలని నిక్షేపంలో, ఒప్పందం ఏదీ లేనప్పుడు, నాలుగింట మూడు వంతులు దొరికిన వ్యక్తికి, ఒక వంతు ఆ స్థలం యజమానికి ఇవ్వాలని 11వ సెక్షన్ చెబుతోంది. అంటే పాసుపుస్తకం చూపి ఆయన అడగగలిగేది పావు వాటా మాత్రమే. మీరు మాత్రం ఆ పావు కోసం నోటిమాట పంపకాన్ని రుజువు చేసే కష్టంలో పడి, పంపకం గొడవ అవసరమే లేకుండా మీకు రావలసిన ముప్పావును పోగొట్టుకునే దారిలో ఉన్నారు. కలెక్టరు ముందు భూమి హక్కుదారుగా కాదు, వస్తువు దొరికిన వ్యక్తిగా నిలబడండి. ఆ రోజు ట్రాక్టర్ నడిపిన డ్రైవరే మీ మొదటి సాక్షి. భూమి ఎవరిదన్న తగాదా కలెక్టరు ముందుకు వస్తే ఆయన విచారణ ఆపుతారు; అప్పుడు నెల రోజుల్లోపు సివిల్ కోర్టులో దావా వేయాలి. అంత దూరం వెళ్లాలో వద్దో మీ దగ్గరున్న కాగితాలు చూశాకే చెప్పగలను. పాత్రను దాచిపెట్టమని అన్నగారే ప్రోత్సహించి ఉంటే, స్థల యజమానిగా ఆయన వాటా కూడా పోతుంది, ఆరు నెలల వరకు శిక్ష కూడా పడవచ్చు. ఈ మాట ఆయనకు తెలియజేయండి.

ఏడాది గడిస్తే కేసు ఉండదన్న సలహా మిమ్మల్ని ముంచుతుంది. ఏడాది వరకు శిక్ష పడే నేరాలకు కాలపరిమితి ఏడాదేనన్నది నిజమే. నేర విచారణ పద్ధతిని నిర్ణయించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్ ఆ మాటే చెబుతోంది. కాని నేరం జరిగిన సంగతి ముందు తెలియనప్పుడు, బాధితునికో పోలీసు అధికారికో మొదటిసారి తెలిసిన రోజు నుంచి ఆ గడువు మొదలవుతుందని 515వ సెక్షన్‌లో ఉంది. మీరు ఎన్నేళ్లు దాచినా, బయటపడిన రోజునే లెక్క మొదలు కావచ్చు.

చింతపండుతో తోమడం, కాలు కోయడం చాలా పెద్ద తప్పులు, ఈ మాట మెత్తగా చెప్పలేను. రాగి మీద పచ్చగా పేరుకున్న చిలుము మురికి కాదు, ఆ వస్తువు మట్టిలో ఉందని చెప్పే సాక్ష్యం. మీరు తోమిన పక్కనే గీతలు ఉన్నాయని రాశారు. అవి అక్షరాలే అయితే వాటి అంచులు ఇప్పటికే అరిగి ఉంటాయి. రూపం మార్చారన్న ఆరోపణకు కూడా మీరే తావిచ్చారు. ఇక మూత జోలికి అసలు పోకండి. కోసిన ముక్కను కంసాలి దగ్గర నుంచి తెచ్చి, కాగితంలో చుట్టి, పాత్రతో పాటే ఉంచండి.

ఏ వస్తువని అడిగారు. ఫొటో చూసి చెప్పడం నాకు గాని, కంసాలికి గాని సాధ్యం కాదు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లకు తక్కువ కాని నాణెం, శిల్పం, లోహపు పనితనం వంటివి పురావస్తువులు. అవునా కాదా అన్న వివాదం వస్తే నిర్ణయించేది భారత పురావస్తు సర్వేక్షణ డైరెక్టర్ జనరల్ లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి. 24వ సెక్షన్ కింద ఆ నిర్ణయమే తుది. మీ పక్కనే ఉన్న పెంబర్తిలో నేటికీ చేతితో లోహపు సామాను చేస్తున్నారు కాబట్టి, ఇది యాభై అరవై ఏళ్ల నాటి గుడి సామాను కూడా కావచ్చు. అదే పాతదైతే దొరికిన చోటు వస్తువుతో సమానంగా ముఖ్యం. గోబద, సమగోప వంటి రాజుల పేర్లు మనకు తెలిసింది గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేల వల్ల. ఆ నాణేలు దొరికిన ఊరు తెలియకుండా దళారుల చేతుల్లోకి పోయి ఉంటే తెలంగాణ చరిత్రలో ఆ పుట ఉండేది కాదు. అందుకే పాత్ర ఉన్న గుంటను పూడ్చకండి, అక్కడ ఇంకా తవ్వకండి.

ఆ హైదరాబాద్ పార్టీకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. బియ్యాన్ని లాగే చెంబు ఈ లోకంలో లేదు. గింజలకు ఇనుప రజను పట్టించి, చాటుగా అయస్కాంతం పెట్టి చూపిస్తారు. అందులో ఇరిడియం ఉందంటారు, అది అయస్కాంతంలా దేన్నీ లాగే లోహం కాదు. ముందు పరీక్ష ఫీజు, తర్వాత సైంటిస్టు ఖర్చు, ఆ తర్వాత ఇంకోటి. ఇలా భూమి అమ్ముకున్నవారు నా దగ్గరికి వచ్చారు. ఒకవేళ వాళ్లు నిజంగా కొన్నా, పురావస్తువులు అమ్మే వ్యాపారం లైసెన్స్ లేకుండా చేయడం నేరం: ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, వస్తువు జప్తు కూడా కావచ్చు. తాతల నాటి సొత్తని రాయించుకుంటే సరిపోతుందని ఎవరైనా అన్నా వినకండి. డ్రైవరు చూశాడు, కంసాలి చూశాడు, మీ ఫోన్లో ఫొటోలున్నాయి.

చేయవలసింది రేపే చేయండి. కలెక్టరు పేర నోటీసు రెండు ప్రతులు రాసి, సర్వే నంబరు, తేదీ, తూకం, డ్రైవరు పేరుతో పాటు, తోమిన సంగతి, ముక్క కోసిన సంగతి, ఇన్ని రోజులు ఆలస్యమైన కారణం ఉన్నదున్నట్టు రాయండి. కలెక్టరేట్ ఇన్‌వార్డులో ఇచ్చి రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నకళ్లు తహసీల్దారుకు, పోలీస్ స్టేషన్‌కు ఇవ్వండి. పోలీసులు మీ ఇంటికి వచ్చేలోపు మీరే వెళ్లి ఇచ్చిన నోటీసుకు కోర్టులో చాలా విలువ ఉంటుంది. వాళ్లు వచ్చాక ఇచ్చిన దానికి ఆ విలువ ఉండదు. పంచనామా రాయకుండా, తూకం వేయకుండా పాత్రను ఏ అధికారికీ అప్పగించకండి. పార్టీ పంపిన వాట్సాప్ సందేశాలు తుడిచేయకండి, ఆ ఫోను మార్చకండి.

ఆ తర్వాత కలెక్టరు ప్రకటన వెలువడుతుంది. హాజరు కావలసిన రోజు ప్రకటనకు నాలుగు నెలల తర్వాత, ఆరు నెలల లోపల ఉంటుంది. ఆ రోజు రానివారి హక్కు పోతుంది. ప్రభుత్వమే పాత్రను తీసుకోదలిస్తే ఇచ్చేది లోహపు విలువ, దానికి అదనంగా ఆ విలువలో అయిదో వంతు. మూడు కిలోల రాగికి అదెంత వస్తుందో మీకే తెలుసు. దాంతో పెళ్లి జరగదు, కాబట్టి ఆ లెక్కతో ఎక్కడా అప్పు చేయకండి. నోటీసు చిత్తుప్రతి రాసి పంపండి, ఆలస్యానికి కారణం రాసిన పేరా నేను సరిదిద్ది ఇస్తాను.