కోడ్ రాసే ముందు నాన్న పాల డైరీ తెరవండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు, బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. నాన్న రోజూ నలభై ఇళ్లకు పాలు పోస్తారు. ఆ లెక్కల కోసం యాప్ మొదలుపెట్టి ఇప్పటికి మూడుసార్లు మొత్తం తీసేశాను. లాగిన్ పేజీ, మెనూ, రంగులు అన్నీ బాగానే వస్తాయి, నెలాఖరు బిల్లు దగ్గరికి వచ్చేసరికి చిక్కుముడి పడిపోతుంది. ముందు ప్లాన్ చేసుకోవాలని తెలుసు, కానీ ల్యాప్‌టాప్ తెరిస్తే చెయ్యి ఆగదు. ప్లానింగ్‌కి మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పండి సార్. ఎజైల్ (సాఫ్ట్‌వేర్‌ని కొంచెం కొంచెంగా రాస్తూ, మార్చుకుంటూ పోయే పద్ధతి) వచ్చాక ప్లానింగ్ పాత పద్ధతి అయిపోయిందని మా సీనియర్ అంటున్నాడు, నిజమేనా?

జవాబు: సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. చెబితే అది ఇన్‌స్టాల్ చేసుకుని, అందులో డబ్బాలు అటూ ఇటూ జరుపుకుంటూ ఇంకో వారం గడిపేస్తారు. నేనూ అదే బాపతు కాబట్టి తెలుసు. మీకు కావాల్సింది ఇంట్లోనే ఉంది, నాన్నగారి పాల డైరీ.

అందులోంచి బాగా గజిబిజిగా ఉన్న ఒక ఇంటి లెక్క తీసుకుని, కాగితం మీద మీ చేత్తో ఒక నెల బిల్లు వేయండి. ఏప్రిల్ నెల, రోజుకి లీటరు అనుకుందాం. 14వ తేదీ దాకా లీటరు 70 రూపాయలు, 15 నుంచి 75. మొదటి పద్నాలుగు రోజుల్లో రెండు నాగాలు, తర్వాత ఒక నాగా, 20న చుట్టాలొచ్చారని ఒక లీటరు ఎక్కువ పోయించుకున్నారు, పాత బాకీ 340. అంటే 12 రోజులకు 840, 15 రోజులకు 1125, ఎక్కువ పోసిన లీటరుకి 75, బాకీతో కలిపి 2380. పది నిమిషాల పని.

ఇప్పుడు మీ పాత కోడ్ గుర్తు తెచ్చుకోండి. ఇల్లు, లీటర్లు, ధర అని ఒకే వరుసలో పెట్టి, లీటర్లను ధరతోనూ రోజులతోనూ గుణించి ఉంటారు. నేను మీ కోడ్ చూడలేదు కానీ నూటికి తొంభై మంది అలాగే మొదలుపెడతారు. ధర 75కి మార్చగానే ఏప్రిల్ మొదటి సగమే కాదు, ఎప్పుడో డబ్బు కట్టేసిన మార్చి బిల్లు కూడా మారి కూర్చుంటుంది. ధర ఇంటి పక్కన రాసే అంకె కాదు, ఫలానా తేదీ నుంచి ఫలానా ధర అని దానికి వేరే టేబుల్, అంటే పట్టిక కావాలి. వేసవి సెలవులకు పిల్లలొచ్చారని లీటరు కాస్తా లీటరున్నర చేయించుకునే ఇళ్లుంటాయి కదా, ఆ లీటర్లదీ ఇదే జబ్బు, ఇదే మందు. కాగితం మీద గీత కొట్టేసి మళ్లీ రాసుకునే ఈ మార్పు, నలభై స్క్రీన్లు కట్టాక తెలిస్తే మొత్తం పీకి పారేయాలనిపిస్తుంది, మీరు మూడుసార్లు చేసింది అదే.

నాదీ ఒకటి చెబుతా. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలకని రెండు వారాలు కూర్చుని యాప్ రాశాక, ఒకే ఫ్లాట్‌కి ఇద్దరు ఓనర్లుండి, నెల మార్చి నెల కడతారని సెక్రటరీ గారు తాపీగా చెప్పారు. ముందే అడిగి ఉంటే టీ తాగేలోపు తేలిపోయేది.

బిల్లు వేస్తున్నప్పుడే ఇంకో ప్రశ్న వస్తుంది. నలభై ఇళ్లు, ముప్పై రోజులు, నెలకి 1200 ఎంట్రీలు కొట్టాలా, లేక నాగాలు, ఎక్కువ పోసినవి మాత్రమే రాస్తే చాలా? రెండోది తేలిక. కాకపోతే ‘ఆ రోజు మీరు పోయలేదు’ అని ఎవరైనా పేచీ పెడితే చూపించడానికి ఏమీ ఉండదు. ఇది మీరు తేల్చే విషయం కాదు, నాన్నగారిని అడగాలి. ఆయన తెల్లవారుజామున తడి చేత్తో, ఇంకో చేత్తో క్యాన్ పట్టుకుని ఫోన్ నొక్కుతారన్నది కూడా అడిగితేనే తెలుస్తుంది, తెలిశాక మీ లాగిన్ పేజీ మీదే మీకు విరక్తి పుడుతుంది.

డబ్బు పైసల్లో, పాలు మిల్లీలీటర్లలో పూర్ణాంకాలుగా దాచండి. దశాంశాలతో కంప్యూటర్ లెక్క కాస్త తప్పుతుంది. నమ్మకం లేకపోతే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 0.1 + 0.2 కొట్టి చూడండి, 0.30000000000000004 అని వస్తుంది.

ఇక చెయ్యి ఆగదన్న సంగతి. ఆపొద్దు, టైప్ చేయనివ్వండి. ఫోల్డర్ తెరిచి మొదటి ఫైల్‌గా ‘ప్లాన్’ అని పెట్టి, పైన చేత్తో వేసిన బిల్లు, టేబుళ్ల పేర్లు, ఇంకా తేలని ప్రశ్నలు తెలుగులోనే కొట్టేయండి. మొదటి కమిట్ (రాసినంతవరకు చరిత్రలో భద్రం చేసుకోవడం) అదే. మొదలుపెట్టిన తృప్తి ఉంటుంది, దురదా తీరుతుంది. చివర్లో ‘ఇప్పుడు చేయనివి’ అని రాసి లాగిన్, యూపీఐ, గ్రాఫులు అక్కడ పడేయండి, నన్నడిగితే ఆ ఫైల్‌లో అన్నిటికంటే పనికొచ్చేది ఈ ముక్కే. ఇదంతా ఒక సాయంత్రం మించకూడదు. యాప్ నుంచి వాట్సాప్‌కి బిల్లు వెళ్తుందో లేదో లాంటివి ఆలోచిస్తే తేలవు, ఇరవై లైన్లు రాసి చూసి పారేయండి, అదీ ప్లానింగే.

మీ సీనియర్ మాట సగమే నిజం. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని ఎజైల్ ప్రకటన రాశారు. ప్లాన్‌ని పట్టుకుని వేలాడటం కంటే మార్పుకి తగ్గట్టు నడుచుకోవడానికే ఎక్కువ విలువ ఇస్తామన్నారు. ప్లాన్‌కి విలువ లేదనలేదు, ఉందనే అందులో రాశారు. ఆ వాక్యం దాకా ఎవరూ చదవరు.

ప్రశ్న: ఇప్పుడు కోడ్ అంతా ఏఐ రాసిపెడుతోంది కదా, ఇంకా ఈ ప్లానింగ్ గోల ఎందుకండీ? (నిజామాబాద్ నుంచి)

జవాబు: పాల లెక్కల యాప్ రాయమని ఒక్క ముక్క చెప్పి చూడండి. ఇల్లు, లీటర్లు, ధర ఒకే వరుసలో పెట్టి చకచకా ఇచ్చేయవచ్చు, ధర నెల మధ్యలో మారుతుందని మీరు చెప్పలేదు మరి. పైన తెనాలి కుర్రాడికి చెప్పిన ఏప్రిల్ లెక్క మొత్తం ఇచ్చి, జవాబు 2380 రావాలని చెప్పి రాయించండి. 2355 వచ్చినా, 2400 వచ్చినా ఎక్కడ తేడా కొట్టిందో వెతకడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.