జాబితాలో రాయని పుస్తకాలు

విజయవాడ

అమ్మాయ్,

నీ ఉత్తరం, దానితో పాటు పంపిన కథ అందాయి. కథ ఎలా ఉందో చెప్పమన్నావు. చెబుతాను. దానికంటే ముందు, ఉత్తరం చివర 'నాకు నచ్చిన పుస్తకాలు' అని రాశావే, ఆ జాబితా గురించి కాస్త మాట్లాడుకోవాలి.

కన్యాశుల్కం, వేయిపడగలు, మైదానం, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర, అల్పజీవి. ఇందులో ఒక్క పేరుకీ వంక పెట్టలేను. నాకు అనుమానం వచ్చింది కూడా అందుకే. తెలుగు ఎం.ఏ. చదివిన ఎవరిని నిద్రలేపి అడిగినా ఇవే పేర్లు, ఇంచుమించు ఇదే వరసలో చెబుతారు. నువ్వెవరో, రాత్రి భోజనాలయ్యాక ఏ పుస్తకం పట్టుకుని దీపం ఆర్పనివ్వవో ఈ జాబితాలో తెలియడం లేదు.

నీ కథలో మాత్రం తెలిసిపోయింది. ప్రతి భాగం చివరా ఎవరో ఒకరు తలుపు తడతారు, లేదా ఫోన్ మోగుతుంది, లేదా మీ నాయిక ఉలిక్కిపడుతుంది. ఇది చివరకు మిగిలేది రాసిన బుచ్చిబాబు దగ్గర అబ్బే విద్య కాదు. వారపత్రిక సీరియల్ దగ్గర అబ్బేది. మీ ఇంట్లో పత్రికల్లోంచి చింపి, దారంతో కుట్టి, అట్టలేసిన పాత సీరియళ్లు ఉండి ఉండాలి. లేదంటే ఫోన్‌లో రోజుకో భాగం చొప్పున వచ్చే కథలు చదువుతున్నావు. ఏదైనా సరే, నాకు రాసిన జాబితాలోంచి దాన్ని తీసేశావు. ఎందుకు తీసేశావో నాకు తెలుసులే. పెద్దావిడకి రాస్తున్నాం, పెద్ద పేర్లు రాద్దామనుకున్నావు.

నేను చదువు నేర్చుకున్నది బళ్లోనే గానీ, చదవడం నేర్చుకున్నది మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో, యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు. అద్దె రోజు లెక్కన. ఒక రోజు అద్దె కట్టి ఇంటిల్లిపాదీ చదివేయాలి. మధ్యాహ్నం పడక వేళ అమ్మ, బడి నుంచి రాగానే నేను, రాత్రి అక్క. తెల్లారేసరికి పుస్తకం వెనక్కి వెళ్లిపోవాలి. అలా పరుగు మీద చదవడం అలవాటై, ఈ వయసులోనూ ఏ పుస్తకాన్నయినా మొదటిసారి గబగబా 'ఏమైంది, ఏమైంది' అనుకుంటూనే చదువుతాను. నచ్చితే మళ్లీ మొదటి పేజీకి వెళ్లి, ఈసారి నింపాదిగా, 'ఎలా చేశారు' అని చూసుకుంటాను. ఈ రెండో చదువే నాకు రాయడం నేర్పింది. మొదటి చదువు లేకపోతే రెండోది ఉండేది కాదు.

అందుకని సీరియళ్లు చదువుతున్నందుకు సిగ్గుపడకు. యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో జనం పత్రిక కోసం ఎంతగా ఎదురుచూసేవారో చూసినదాన్ని. వారం పాటు పాఠకుణ్ణి పట్టి ఉంచడం చిన్న సంగతేం కాదు. అయితే అక్కడ నువ్వు గమనించాల్సిన తేడా ఒకటుంది. సీరియల్లో ఆ చప్పుడు అవసరం, ఎందుకంటే పాఠకుడు వారం రోజులు వెళ్లిపోతాడు. నీది పది పేజీల కథ. పాఠకుడు ఎక్కడికీ వెళ్లడం లేదు, నీ ఎదురుగానే కూర్చున్నాడు. అతన్ని అన్నిసార్లు ఉలిక్కిపడేలా చేయనక్కర్లేదు. నువ్వు చదివేదేమిటో నీకు నువ్వు ఒప్పుకుని ఉంటే ఈ సంగతి నేను చెప్పకుండానే కనిపెట్టేదానివి.

నచ్చనివి కూడా ఒప్పుకోవాలి. వేయిపడగలు నాకు కొరుకుడు పడదు. రామాయణ కల్పవృక్షానికి తెలుగులో మొదటి జ్ఞానపీఠం తెచ్చిన రచయిత, ఆయన ముందు నేనెంత. అయినా ఆ నవల మొదలుపెట్టినప్పుడల్లా ఎక్కడో ఒకచోట దిగబడిపోతాను. అదే విశ్వనాథ వారి ఏకవీర అయితే మళ్లీ మళ్లీ చదువుతాను. తమిళదేశపు మధుర వీధులు, ఆ నలుగురు మనుషులు, చెప్పీ చెప్పకుండా ఆయన ఆపేసే తీరు, అన్నీ ఇష్టం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని నాకెందుకిలా అవుతోందని ఆలోచిస్తే నా రుచి నాకు కొంత బోధపడింది. నాకు బిగువు కావాలి. రచయిత ఎంత పండితుడైనా నన్ను కూర్చోబెట్టి ఉపన్యాసం చెబితే లేచిపోతాను. నీకు దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉండొచ్చు. ఉంటే చెప్పు, పోట్లాడుకుందాం.

ఇక నేను మాటిమాటికీ తిరిగి వెళ్లే మనిషి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు. ఇంగ్లీషు చదువు జోలికి పోని మనిషి. సంస్కృతం చదువుకున్న వైదిక కుటుంబంలోంచి వచ్చి, గోదావరి జిల్లాల ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగుని అచ్చంగా కాగితం మీద పెట్టారు. ఆయన కథల్ని కళ్లతో చదివితే సగమే అందుతుంది. తలుపు వేసుకుని పైకి చదువు. నేను ఇప్పటికీ అలాగే చదువుతాను. (మా మనవడు నేనెవరితోనో ఫోన్లో దెబ్బలాడుతున్నాననుకుంటాడు.) వడ్లగింజలు తీసుకో. చదరంగం ఆడే కుర్రవాడి కథ. పేజీలకి పేజీలు సంభాషణే. ఎవరన్నారో చెప్పే మాటల మీద చెయ్యి అడ్డం పెట్టి చదివి చూడు. మాటని బట్టే మనిషిని పోల్చుకోగలవు. వాళ్ల వయసు, హోదా, ఎదుటివాడి మీద ఉన్న చులకన, అన్నీ ఆ మాటలోనే ఉంటాయి.

ఇప్పుడు నీ కథలో నాలుగో పేజీ తీసి అలాగే చెయ్యి పెట్టి చూడు. అత్తగారు, కోడలు, బ్యాంకు ఆఫీసరు ముగ్గురూ ఒక్కలాగే మాట్లాడుతున్నారు. పైగా అది ఏ ఊరి మాటా కాదు. ఉత్తరంలో మీది పాలమూరు వైపని రాశావు. మీ నాయనమ్మ ఇలాగే మాట్లాడుతుందా? నేను కృష్ణా జిల్లా దాన్ని, మీ మాట నాకు రాదు. కానీ పాకాల యశోదారెడ్డి గారి ఎచ్చమ్మ కథలు, మా ఊరి ముచ్చట్లు చదివినప్పుడు ఆ యాసలోని వేగం, వెటకారం నా చెవిలో పడ్డాయి. ఆవిడ మీ జిల్లావారే, బిజినేపల్లిలో పుట్టారు. సంస్కృతం, తెలుగు దిట్టంగా చదువుకుని, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషి. అంత చదువూ చదివి, కథకి వచ్చేసరికి ఊళ్లో ముసలమ్మ ఎలా చెబుతుందో అలాగే చెప్పారు. నీ జాబితాలో ఆవిడ లేరు. దాశరథి రంగాచార్య గారి చిల్లరదేవుళ్లు కూడా లేదు. నీ జాబితా అంతా కోస్తా మీదుగానే నడిచింది. కోస్తా దాన్నయిన నేనే ఈ మాట అంటున్నానంటే చూసుకో.

కొడవటిగంటి కుటుంబరావు గారి గురించి రెండు ముక్కలు. ఆయనలో వర్ణన కోసం వెతికితే దొరకదు. చదువు నవలలో వాక్యాలు చూడు, ఒక్కటి కూడా తన వైపు చూడమని నిన్ను పిలవదు. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామ పనిలో ఉన్నారు కాబట్టి, మా తరం పిల్లలం ఆయన పేరు తెలియకుండానే ఆయన వాక్యం తాగి పెరిగాం. నీ కథ మొదటి పేరాలో వెన్నెలకి నాలుగు విశేషణాలు ఉన్నాయి. కుటుంబరావు గారిని ఓ నెల రోజులు చదివి వచ్చి ఆ పేరా మళ్లీ చూసుకో.

కన్యాశుల్కం నచ్చిందన్నావు. ఏ కన్యాశుల్కం? అడగడానికి కారణముంది. 1892లో ఆడి, 1897లో అచ్చయిన నాటకం ఒకటి. 1909లో గురజాడ వారు దాదాపు కొత్తగా తిరగరాసింది ఇంకొకటి. మనందరి నోళ్లలో నానేది రెండోదే. మొదటిది జనం మరిచిపోతే పరిశోధకుడు బంగోరె గారు పనిగట్టుకుని వెతికి అచ్చు వేయించారు. ఎక్కడైనా దొరికితే రెండూ ఎదురెదురుగా పెట్టుకుని చదువు. మధురవాణి మొదటి దాంట్లో ఎంత మేర ఉంది, రెండో దాంట్లో ఎంతగా పెరిగి నాటకాన్నంతటినీ తన చేతిలోకి తీసుకుందో చూడు. కథారచన మీద వచ్చిన పుస్తకాలు నేను చాలానే చదివాను, అందులో ఏదీ నాకు ఇంత నేర్పలేదు. అచ్చయిపోయిన నాటకాన్ని పన్నెండేళ్ల తర్వాత ఒక మనిషి మళ్లీ ముందేసుకుని కూర్చున్నాడు. నువ్వేమో పోయిన నెల రాసిన కథని ఇంక ముట్టుకోలేనంటున్నావు.

కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు చదివావో లేదో. ఒక ముసలివాడు, ఒక సుక్కపంది, ఒక రాత్రి. అంతే. ఏం జరుగుతుందో చెప్పను. అంత తక్కువ సరంజామాతో నవల నిలబెట్టొచ్చని తెలిశాక నా కథల్లోంచి చాలామంది చుట్టాల్ని పంపించేశాను.

అనువాదాలు చదవమని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటాను. నందూరి రామమోహనరావు గారి టామ్ సాయర్, మాస్కో నుంచి వచ్చిన జమీల్యా, స్వాతిలో మాలతీ చందూర్ గారు నెలనెలా చెప్పిన ఇంగ్లీషు నవలల కథలు, ఇవన్నీ మాకు కిటికీలు. మీకు ఇంగ్లీషు ఎటూ వచ్చు, నేరుగా వెళ్లండి. తెలుగు మాత్రం తగ్గించకండి.

నా అలవాట్లు అడిగావు. పెద్దగా చెప్పుకోదగ్గవి లేవు. చేతిలో పెన్సిల్ ఉంటుంది, పెన్ను ఉండదు. నచ్చని పుస్తకం మధ్యలో వదిలేయడానికి మొహమాటపడను. పుస్తకం మీద అభిప్రాయాలు రాసుకోను గానీ, ఎక్కడ ఆగానో, ఎక్కడ పేజీలు దాటేశానో, ఎక్కడ వెనక్కి వెళ్లానో నోటుబుక్కులో రాసుకుంటాను. 'అద్భుతం' అని రాసుకుంటే ఏడాది తర్వాత ఎందుకన్నానో నాకే గుర్తుండదు. 'పెళ్లి భోజనాల దగ్గర ఆగి మళ్లీ చదివాను' అని ఉంటే ఆ పేజీకి వెళ్లొచ్చు.

ఇంకొక వ్యసనం ఉంది, పాత పత్రికలు. పుస్తకంగా వచ్చిన కథ కంటే, అది మొదట అచ్చయిన సంచిక దొరికితే నాకు పండగ. వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నాటిది. పాత పత్రికలంటే ఇష్టమున్నవాళ్లు ఒకసారైనా వెళ్లాల్సిన చోటు. 1924లో మొదలైన భారతి మాసపత్రిక పాత సంపుటం దొరికితే కథ ఒక్కటే చదివి లేవకు. ముందు వెనక వ్యాసాలు, పాఠకుల ఉత్తరాలు, తలనొప్పి మందుల ప్రకటనలు కూడా చదువు. ఆ భారతి పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారే అమృతాంజనం అమ్మిన మనిషి. ఆ కాలంలో వస్తువుల ధరలెంత, జనం దేనికి కోపగించుకునేవారు, ఆడపిల్లకి ఏ వయసులో పెళ్లి చేసేవారు, అవన్నీ ప్రకటనల్లో ఉత్తరాల్లో దొరుకుతాయి. మీ ముత్తవ్వ కథ రాయాలని ఉందన్నావు కదా, నీకు అవి కావాలి.

ఇక్కడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. హైదరాబాదులో అయితే ఆదివారం పూట కోఠి, అబిడ్స్ ఫుట్‌పాత్‌లు. లిస్టు పట్టుకుని వెళ్లకు. ఏది చేతికి తగిలి వదలబుద్ధి కాలేదో అది కొనుక్కో.

కథ తిప్పి పంపుతున్నాను. పెన్సిల్ గీతలు చూసి బెంగపెట్టుకోకు, ఎక్కువ భాగం నాలుగో పేజీలోనే ఉన్నాయి. అత్తగారి మాటలు మీ నాయనమ్మ దగ్గర కూర్చుని పైకి చదివి వినిపించు, ఆవిడ ఎక్కడ నవ్వితే అక్కడ మార్చు. తర్వాత నాకు ఇంకో జాబితా రాయి, ఈసారి పోయిన ఏడాది నువ్వు నిజంగా చదివినవి, సగంలో వదిలేసినవి, దాచుకుని చదివినవి. ఎచ్చమ్మ కథలు అక్కడ దొరక్కపోతే చెప్పు, నా ప్రతి పోస్టులో వేస్తాను. అట్ట ఊడిపోయి ఉంది, జాగ్రత్త. సంక్రాంతిలోగా తిరిగి రావాలి. పుస్తకాల విషయంలో నాకు చుట్టరికాలు, మొహమాటాలు లేవని మా వాళ్లందరికీ తెలుసు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి