సొరియాసిస్: ఆయింట్‌మెంట్ ఆపగానే మళ్లీ వస్తోందంటే

మీ అమ్మగారికి మోచేతుల మీద పొట్టు రాలడం, షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ ఆపగానే రెట్టింపవడం, ఇంట్లోవాళ్లు ఆమె కంచం వేరుగా పెట్టడం... ముందు ఆ కంచం గోల ఆపించండి, సొరియాసిస్ అంటుకోదండీ. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి, నెల పట్టే చర్మకణాల ఎదుగుదల కొద్ది రోజుల్లోనే అయిపోతుంది, అందుకే ఆ పొట్టు. ట్యూబ్ మీద పేరు చూడండి, క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ అయ్యుండొచ్చు. దాన్ని సొంతంగా నెలల తరబడి రాసినా, ఒక్కసారిగా మానేసినా ఇబ్బందే. స్కిన్ డాక్టర్‌కి చూపించి మెల్లగా తగ్గించాలి. డాక్టర్ మెథోట్రెక్సేట్ (రోగనిరోధక వ్యవస్థ దూకుడు తగ్గించే మందు) మాత్ర రాసిస్తే అది వారానికి ఒక్కసారే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది, చీటీ రెండుసార్లు చదవండి. స్నానం కాగానే, తడి ఆరకముందే వ్యాజిలీన్ రాయండి. పొద్దున లేవగానే ఆవిడకి వేళ్లు బిగుసుకుపోతున్నాయా? అయితే కీళ్లకూ పాకిందేమో, అదీ డాక్టర్‌కి చెప్పండి.